అలీబాగ్ ఇజ్రాయిల్ ఆళిలో విన్న తిండి ముచ్చట

పోయిన మాఘమాసంలో నేనూ మా ఇంటామె అలీబాగ్ పోయి నాలుగు దినాలు ఉండి వచ్చినం. అలీబాగ్ అంటే ముంబయోళ్ళకు సముద్రం, ఇసుక, గుర్రపు బండి, రొయ్యల కూర. మేము పోయింది వాటి కోసం కాదు. మా మిల్లుల ఫిట్టర్ పని చేసిన ఒక యూదు ముసలాయన అక్కడ ఉంటడు. మా ఖాతాల అందరూ ఆయనను కాకా అనేటోళ్ళు, ఇప్పటికీ నేను కాకా అనే అంట. తిండి గురించి, నడక గురించి వాళ్ళ ధర్మంలో ఏమున్నదో ఆయన నోట విని వచ్చిన. మన చాళ్ళల్ల ఇప్పుడు ఏ తలుపు తట్టినా చక్కెర రోగం, బీపీ, మోకాళ్ళ నొప్పులే గనుక ఈ ముచ్చట మనకు కూడ పనికొస్తదని రాస్తున్న.

యూదులంటే మనోళ్ళు చాలామందికి తెలువదు. తెలువకున్నా వాళ్ళ పేరు మనం రోజూ పలికినం. ససూన్ మిల్లు అని మన పెద్దలు అనేటోళ్ళు గద, ఆ ససూన్‌లు బాగ్దాద్ నుంచి వచ్చిన యూదులు. 1830ల సంవత్సరాలల్ల డేవిడ్ ససూన్ ముంబయి చేరిండు. ఆయన వంశం వాళ్ళు వ్యాపారం చేసిండ్రు, మిల్లులు పెట్టిండ్రు, కొలాబాల ససూన్ డాక్ కట్టిండ్రు. జేకబ్ ససూన్ మిల్లే తర్వాత ఇండియా యునైటెడ్ ఒకటో నంబరు అయింది. అక్కడ సాంచాలు నడిపినోళ్ళు మన కరీంనగర్, నల్లగొండ పద్మశాలీలల్ల ఎందరో.

అయితే కాకా ఆ శేట్ల తాలూకు మనిషి కాదు. కాకా వాళ్ళు బెనే ఇజ్రాయిల్. మరాఠీ మాట్లాడుతరు, ఆడవాళ్ళు చీరె కట్టుకుంటరు, ఇంటిపేరు ఊరును బట్టి ఉంటది, నవ్‌గావ్‌కర్, పెణ్‌కర్, కిహిమ్‌కర్ అని. ఎన్నో వందల ఏండ్ల కింద వాళ్ళ పూర్వీకుల ఓడ ఈ కొంకణ తీరంలో నవ్‌గావ్ దగ్గర పగిలిపోయిందట. ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళు ఒడ్డుకు పడ్డరట. ఒడ్డు చేరినోళ్ళు ఊర్లల్ల నూనె గానుగ పని పట్టిండ్రు. శనివారం గానుగ తిప్పరు గనుక చుట్టుపక్కలోళ్ళు వాళ్ళకు శనివార్ తేలీ అని పేరు పెట్టిండ్రు. మనం మగ్గం కులం, వాళ్ళు గానుగ కులం. చేతి పని చేసుకొని బతికినోళ్ళే. ఇప్పుడు ఎక్కువమంది ఇజ్రాయిల్ దేశం పోయిండ్రు, ఇక్కడ మిగిలినోళ్ళు కొద్దిమంది.

గేట్‌వే కాడ లాంచి ఎక్కితే గంట సేపట్ల మాండ్వా దింపుతది. అక్కడి నుంచి అలీబాగ్ దాక బస్సు ఆ టికెట్‌లనే కలిసి ఉంటది. వర్షాకాలం ఈ చిన్న లాంచీలు బందు. లాంచి ఎనక తెల్లటి పక్షులు ఎగురుకుంట వస్తయి, జనం వాటికి కుర్‌కురే ప్యాకెట్లు విప్పి వేస్తున్నరు. మనుషులు తినే తిండే ఇట్ల అయితే పక్షులకు కూడ అలవాటు చేస్తున్నం అని మా ఇంటామె అన్నది.

ఆమె సంగతి ఇక్కడ చెప్పాలె. ఆమెకు చక్కెర రోగం వచ్చి పదేండ్లు దాటింది. పొద్దున మాపు గోలీలు వేసుకుంటది. అయినా సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి వస్తే నీళ్ళు తప్ప ముట్టదు. మొన్న తొలి ఏకాదశి నాడు గోలి వేసుకొని, ఏమీ తినక గుడికి బయలుదేరింది. దాదర్ స్టేషన్ మెట్ల మీద చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి కూలబడ్డది. ఎవరో పుణ్యాత్మురాలు సంచిల ఉన్న చక్కెర నోట్ల వేసింది గనుక లేచి కూసున్నది. దవాఖానల డాక్టరమ్మ గట్టిగనే చెప్పింది, ఈ గోలీలు వేసుకునేటోళ్ళు కడుపు మాడ్చుకుంటే రక్తంల చక్కెర ఒక్కసారి పడిపోతది, నిద్రల పడిపోతే లేవరు కూడ అని. మా ఇంటామె మాత్రం, అమ్మ కాలం నుంచి చేస్తున్న, దేవుడు చూసుకుంటడు, డాక్టరమ్మకు ఏం తెలుసు అన్నది. బిడ్డ చెప్పింది, కొడుకు చెప్పిండు, నేను అరిచిన. వినలేదు. కాకాతోని ఫోన్‌ల ఈ మాట అంటే ఆయన, నాలుగు దినాలు ఆమెను ఇక్కడికి తోలుకొని రా, మా ఇంటామెతోని ఉండనీ అన్నడు. మేము పోయిన అసలు కారణం అదీ.

కాకా ఇల్లు ఇజ్రాయిల్ ఆళిలో. ఆళి అంటే గల్లీ. ఆ గల్లీలనే వాళ్ళ ప్రార్థన మందిరం ఉన్నది, పేరు మాగెన్ అబోత్. మొదట 1848ల కట్టిండ్రట, ఇప్పుడున్న కట్టడం 1910 నాటిది. ప్రార్థన సంపూర్ణంగ జరగాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలె. ఒకప్పుడు మందిరం నిండేది, ఇప్పుడు పదిమందిని లెక్కపెట్టుకొని పిలవవలసి వస్తున్నది అన్నడు కాకా. మన భజన మండలి కాడ కూడ అదే కథ గద.

ఇంటి గుమ్మం కుడి పక్కన చిన్న గొట్టం లాంటిది బిగించి ఉన్నది. లోపల తోలు మీద రాసిన దేవుని మాటలు ఉంటయట. కాకా వచ్చేటప్పుడు పోయేటప్పుడు దాన్ని ముట్టి వేళ్ళు ముద్దు పెట్టుకుంటడు. తిండికి కూసునే ముందు రెండు చెవులున్న లోటాతోని ఒక చేతి మీద, మళ్ళ ఇంకో చేతి మీద నీళ్ళు పోసుకుంటడు. రొట్టె ముట్టే ముందు చేతులు కడగకపోతే తిండి తిన్నట్టు కాదు వాళ్ళకు. తిన్నంక కూడ దేవునికి దండం పెడతరు. ఆకలైనప్పుడు దేవుణ్ణి తలుచుట సులువు, కడుపు నిండినంక తలుచుటే కష్టం, అందుకని నిండినంకనే తలవాలని మాకు హుకుం అన్నడు.

ఇంకో దండం సంగతి చెప్తే మా ఇంటామె కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది. సండాస్‌కు పోయి వచ్చి చేతులు కడుక్కొని కూడ వాళ్ళు దేవునికి ఒక ప్రార్థన చెప్తరు. శరీరంల రంధ్రాలు, గొట్టాలు దేవుడు ఎంత తెలివితోని చేసిండు, తెరుచుకునేది మూసుకుపోయినా, మూసి ఉండేది తెరుచుకున్నా మనిషి నిలువలేడు అని దాని భావం. నవ్వితే నవ్విండ్రు గని, ముప్పై గదుల చాళిల నాలుగు సండాసుల ముందు డబ్బా పట్టుకొని లైన్ల నిలబడ్డోనికి ఆ ప్రార్థన ఎంత నిజమో తెలుస్తది. మొలలతోని, మూత్రం ఆగిపోయి దవాఖానల పడ్డోళ్ళకైతే ఇంక చెప్పనే అక్కరలేదు.

మొదటి దినం సాయంత్రం మార్కెట్‌కు పోయినం. మా ఇంటామెకు రొయ్యలు ఇష్టం, బుట్టల తెల్లగ మెరుస్తున్నయి. కాకూ, అంటే కాకా భార్య, నవ్వి అన్నది, మీరు కొనుక్కోండి, మా పొయ్యి మీద మాత్రం వండరాదు అని. చేపకు రెక్కలుండాలె, పొలుసుండాలె, అప్పుడే వాళ్ళు తింటరు. రొయ్య, పీత, తిసరె ముట్టరు. పాప్లెట్, సురమయి పనికొస్తయి. పంది మాంసం ఉండనే ఉండదు. కోడిని, మేకను పద్ధతి తెలిసినాయన కోయాలె. మాంసానికి ఉప్పు పట్టించి నెత్తురంత కారిపోనిచ్చి, కడిగినంకనే వండుతరు. మాంసం తిన్న పూట పాలు, పెరుగు, నెయ్యి కలపరు. ఆ కారణం చేతనే వాళ్ళ కూరల్లన్నిటికీ కొబ్బరి పాలు. కొంకణంల కొబ్బరికి కొదువ లేదు గనుక వాళ్ళకు సాగింది, మన దిక్కు ఉంటే ఏం చేసేటోళ్ళో.

నేను అన్న, కాకా, ఇదంత ఆరోగ్యం కోసం పెట్టిండ్రా అని. ఆయన ఒప్పుకోలేదు. కొందరు పెద్దలు అట్ల చెప్పిండ్రు, నిజమే. కాని మేము తినకపోవుట దేవుడు వద్దన్నడు గనుక, రోగం వస్తదని కాదు. ఆరోగ్యం కాపాడుకోవాలన్నది వేరే హుకుం. నీ ప్రాణాన్ని బాగ జాగ్రత్తగ కాచుకో అని మా ధర్మశాస్త్రంల ఉన్నది. పొలుసున్న చేపనే తిని, పద్ధతిగ కోసిన కోడినే తిని, రోజూ గొంతు దాక మింగేటోడు మొదటి హుకుం పాటించిండు, రెండో హుకుం తప్పిండు. ఇట్ల చెప్పిండు. ఈ మాట నాకు బాగ పట్టింది. మనల కూడ శాకాహారం పేరు మీద పూరీలు, జిలేబీలు గంపెడు తిని నేను పవిత్రంగ ఉన్న అనుకునేటోళ్ళు లేరా?

రెండో దినం పొద్దున ఐదు గంటలకే కాకా లేచి చెప్పులేసుకున్నడు. ఎనభైకి దగ్గరున్నడు, నడక మాత్రం మా వార్పింగ్ ఖాతా ముకద్దం నడిచినట్టే. ఆళి నుంచి సముద్రం దాక, ఒడ్డెంబడి కొంత దూరం, మళ్ళ ఇంటికి. ఛాయ్ కూడ తాగక ముందే నడక. నడిచి వచ్చి కాసేపు కూసుంటడు, చెమట ఆరి, ఊపిరి నెమ్మదించినంక తింటడు. ఇది నీకెవరు చెప్పిండ్రు అంటే, రాంబం చెప్పిండు అన్నడు.

ఈ రాంబం ఎవరంటే ఎనిమిది వందల ఏండ్ల కిందటి యూదు పండితుడు, గొప్ప వైద్యుడు. స్పెయిన్ దేశంల కొర్దోబా పట్నంల పుట్టిండు. అక్కడ రాజ్యం మారి బాధలు పెడితే కుటుంబంతోని వలస పోయి చివరికి ఈజిప్టుల స్థిరపడ్డడు. మనం పొట్ట చేత పట్టుకొని వచ్చినట్టే. సలాహుద్దీన్ సుల్తాను కొలువుల వైద్యం చేసిండు, 1204ల పోయిండు. ధర్మాలన్ని కూర్చి మిష్నే తోరా అని పెద్ద గ్రంథం రాసిండు. అందుల మనిషి నడవడిక చెప్పే చోట తిండి, నిద్ర, స్నానం, కసరత్తు గురించి ఒక అధ్యాయమే పెట్టిండు. ధర్మశాస్త్రంల కసరత్తు ఎందుకంటే, రోగంతోని పడి ఉన్నోడు దేవుణ్ణి తెలుసుకోలేడు గనుక ఒంటిని బాగుంచుకొనుట కూడ దేవుని తోవలనే నడుచుట అని ఆయన లెక్క.

కాకా మరాఠీల రాసుకున్న నోటుబుక్కు తీసి చదువుతుంటే నేను విన్న. ఆకలైతేనే తినాలె, దప్పికైతేనే తాగాలె. కడుపు నిండ తినరాదు, పావు వంతు ఖాళీ ఉండంగనే లేవాలె. తినక ముందు ఒళ్ళు వేడెక్కే దాక నడవాలె, లేకపోతే పని చేయాలె. కూసొని తినాలె. రాత్రి పగలు కలిపి మూడో వంతు, అంటే ఎనిమిది గంటలు నిద్ర చాలు, పొద్దు పొడవక ముందే లేవాలె. మలబద్ధకం రానియ్యరాదు. ఒంటికి పని చెప్పక కూసున్నోడు ఎంత మంచి తిండి తిన్నా వానికి బలం తగ్గుతది, నొప్పులు పోవు. అతిగ తినుట ఎవరికైనా విషం లాంటిదే, రోగాలల్ల ఎక్కువ భాగం దాని నుంచే. సలాహుద్దీన్ కొడుక్కు ఆయన వేరే ఆరోగ్య పుస్తకం ఒకటి రాసి ఇచ్చిండు. అందుల పిండిని మరీ జల్లెడ పట్టి తెల్లగ చేయొద్దు, పొట్టుతోని రొట్టె చేయమని చెప్పిండు. మనుషులు తమ పశువులకు చూసినంత జాగ్రత్త తమ ఒంటికి చూసుకుంటే ఎన్నో రోగాలు తప్పుతయి అని కూడ ఆయన భావం. గుర్రానికి దాణా కొలిచి వేస్తరు, రోజూ తిప్పుతరు, తమకు మాత్రం కొలత లేదు, తిప్పుట లేదు.

ఇది వింటుంటే నాకు మిల్లుల తేల్‌వాలా యాదికొచ్చిండు. పాళీ మారంగనే నూనె డబ్బా పట్టుకొని సాంచా సాంచాకు తిరిగేటోడు. ఒక్క చుక్క నూనె తక్కువైతే సాంచా ఆగుతదని మాలక్‌కు తెలుసు. సాంచాల నడుమ ఎనిమిది గంటలు అటు ఇటు తిరిగినోని కాళ్ళ గురించి అడిగినోడు లేడు. భోంగా మోగంగనే అర్ధగంటల డబ్బా తినాలె, చేతుల దూది దులపక ముందే మళ్ళ భోంగా. తిన్నంక అరిగే దాక కష్టం చేయొద్దు అని రాంబం రాసిండంటే, ఆయన మిల్లు చూడలేదు గద అనిపించింది. మూడో పాళీ చేసినోనికి పొద్దు పొడవక ముందు లేచుడు ఎక్కడిది, అప్పుడే ఇంటికొచ్చి పండుకునేది!

నేను ఇట్లంటే కాకా నవ్వి ఇంకొక సంగతి చెప్పిండు. 1199ల రాంబం తన పుస్తకం తర్జుమా చేసే ఆయనకు ఒక ఉత్తరం రాసిండట. పొద్దున్నే లేచి సుల్తాను కోటకు పోవాలె, అక్కడ ఎవరికన్న రోగమైతే దినమంత అక్కడనే, మధ్యాహ్నం దాటినంక ఆకలితోని ఇల్లు చేరితే వాకిట్ల రోగులు నిండి ఉంటరు. వాళ్ళను బతిమిలాడి నాలుగు మెతుకులు తింటడు, ఇరవై నాలుగు గంటలల్ల అదొక్కటే తిండి. రాత్రి అలసటతోని వెల్లకిల పండుకొనే రోగులతోని మాట్లాడుతడు. అట్లని స్వయంగ రాసుకున్నడు. కోటకు పోయే వైద్యుడైనా పాళీ పని పాళీ పనే అన్న నేను.

అయితే ఒక సంగతి. తిన్నంక అటు ఇటు తిరగొద్దు అని రాంబం చెప్తే, మా డాక్టరమ్మ తిన్నంక పావుగంట మెల్లగ నడువుమని చెప్పింది, చక్కెర ఎక్కువ ఎక్కదని. ఇద్దరిల ఎవరి మాట పట్టాలె? కాకా ఏమన్నడంటే, కాలంతోని మనుషుల ఒంటి తీరు మారుతది, వైద్యం సంగతిల ఇప్పటి డాక్టరు మాటే వినుమని మా పండితులు కూడ చెప్తరు, నేను బీపీ గోలి రాంబంను అడిగి వేసుకుంటున్ననా అన్నడు. పాత గ్రంథం మీద ఇంత ప్రేమ ఉన్న మనిషి ఇట్ల అనుట నాకు నచ్చింది.

స్నానం గురించి కూడ ఒకటి చెప్పిండు. హిల్లేల్ అని రెండు వేల ఏండ్ల కిందటి గురువు. శిష్యులు ఎక్కడికి పోతున్నవని అడిగితే దేవుని పని మీద పోతున్న అన్నడట. ఏం పని అంటే స్నానానికి అన్నడు. రాజు బొమ్మలను కడిగి తుడిచేటోనికి జీతం ఇచ్చి గౌరవం చేస్తరు, మరి మనం దేవుని రూపంల చేసినోళ్ళం గద, ఈ బొమ్మను కడుగుట పుణ్యం కాదా అన్నడు. పొద్దున నాలుగు గంటలకు వచ్చే నల్లా నీళ్ళ కోసం లేచే మన ఆడవాళ్ళకు ఈ ముచ్చట చెప్పాలె.

శుక్రవారం మాపు పొద్దు గూకక ముందే వంట అంత అయిపోయింది. దీపాలు వెలిగించినంక శనివారం చీకటి పడే దాక కొత్తగ పొయ్యి ముట్టించరు, బండి ఎక్కరు, పైసలు ముట్టరు. ఎండు ద్రాక్ష నానబెట్టి పిసికి తీసిన షర్బత్ మీద ప్రార్థన చెప్పి అందరికీ తలా ఇంత పోసిండ్రు. మా ఇంటామెకు మాత్రం రెండు గుక్కలే, కాకూ ముందే యాది పెట్టుకున్నది. శనివారం కాకా గుడికి నడిచే పోయిండు, మెల్లగ, పండుగకు పోయినట్టు. ఆ దినం చెమట పట్టే కసరత్తు చేయరట, ఆ దినం ఒళ్ళు ఊరకే ఉండాలె.

వారంల ఒక దినం ఎవడూ పని చెప్పరాదు అన్న ఈ మాట మనకు తేలికగ దొరకలేదు. ముంబయి మిల్లుల మన తాత ముత్తాతలకు వారపు సెలవే లేకుండె. నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కూలీలను కూడగట్టి ఏండ్ల తరబడి కొట్లాడితే 1890 జూన్ 10 నాడు మాలక్‌లు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నరు. కాకాకు ఈ పేరు తెలుసు, మిల్లుల పని చేసినోడు గద. మాకు దేవుడిచ్చిండు, మీకు లోఖండే ఇచ్చిండు అన్నడు. ఇప్పుడు మన పిల్లలు బండి మీద డబ్బాలు మోసే పనిల, మాల్‌ల కాపలా పనిల ఆదివారం కూడ పోతున్నరు. ఆ సెలవు మళ్ళ ఎటో పోయింది.

శనివారం మధ్యాహ్నమే అసలు మాట నడిచింది. ఆ దినం మా ఇంటామెకు ఒక్కపొద్దు. గోలి వేసుకున్నది, తినను అన్నది. కాకూ బలవంతం చేయలేదు. పక్కన కూసొని వాళ్ళ యోమ్ కిప్పూర్ గురించి చెప్పింది. అది వాళ్ళకు ఏడాదిల అన్నిటికన్న పెద్ద ఉపవాసం. ఇరవై ఐదు గంటలు నీళ్ళు కూడ ముట్టరు. పాపాలు కడుక్కునే దినం. కాని రోగం ఉన్నోళ్ళు డాక్టరు తినమంటే ఆ దినం కూడ తినాలె. వద్దని డాక్టరు అన్నా, నాకు తిండి కావాలె అని రోగే స్వయంగ అడిగితే వానికి పెట్టాలె. ప్రాణం కాపాడుట కోసం దాదాపు అన్ని నియమాలు పక్కకు పెట్టవచ్చు, పెట్టాలె కూడ. కొద్ది కొద్దిగ, కొంచెం కొంచెం సేపు ఆగుకుంట తినిపించే పద్ధతి కూడ ఉన్నది. మా అత్తకు చక్కెర రోగం ఉండె, మందిరం పక్క గదిల కూసోబెట్టి నేనే తినిపించిన, ఆమె ఏడ్చుకుంట తిన్నది, గురువు వచ్చి అమ్మా ఇదే నీ ఉపవాసం అన్నడు, అని కాకూ చెప్పింది.

మా ఇంటామె చాలసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ దేవుడు ఒప్పుకున్నడు, మా దేవుడు ఒప్పుకున్నడని ఎవరు చెప్పిండ్రు అన్నది. నేను ఏదో అనబోతే కాకా కండ్లతోని సైగ చేసిండు, ఊరుకున్న. కాకూ అన్నది, మీ దగ్గర కూడ బాలింతలకు, ముసలోళ్ళకు, రోగాలున్నోళ్ళకు ఒక్కపొద్దు వద్దంటరు గద, మా పక్కింటి మరాఠీ అత్త చెప్పేది అని. ఆ మాట నిజమే. మా అమ్మ కూడ అనేది. మా ఇంటామె లేచి పోయి సముద్రం దిక్కు కిటికీ కాడ నిలబడ్డది. అర్ధగంటకు వచ్చి, ఏమున్నది తినేటందుకు అని అడిగింది.

ఉన్నది బిర్డా. అనుములు నానబెట్టి, మొలక వచ్చినంక పొట్టు తీసి, కొబ్బరితోని చేసే కూర. ఈ కూర వాళ్ళకు ఉపవాసం విడిచే కూర కూడ. యెరూషలేం గుడి కూలిపోయిన దినం యాదిల వాళ్ళు ఉపవాసం ఉంటరు, మాపు ఈ బిర్డాతోనే విడుస్తరు. ఆ పండుగనే బిర్డ్యాచా సణ్ అంటరు. పాయసం వండే పండుగ ఖీరీచా సణ్. వంట పేరుతోనే పండుగ పేరు, మన సద్దుల బతుకమ్మ లెక్కనే. ముందు దినమే వండి పెట్టిన ఆ కూర చల్లగ ఉన్నా రుచి తగ్గలేదు. మా ఇంటామె ఒక రొట్టెతోని తిన్నది.

ఆదివారం కాకా మమ్ముల ఖండాలా అనే ఊరికి తోలుకొని పోయిండు. లోణావళా కాడి ఖండాలా కాదు, అలీబాగ్ దగ్గరిది. అక్కడ ఒక బండ మీద గాడి గీతలు, గుర్రపు డెక్కల గుర్తులు లాంటివి ఉన్నయి. ఎలియాహు అనే వాళ్ళ ప్రవక్త నిప్పుల రథం మీద ఆకాశానికి పోయిండని వాళ్ళ కథ, ఆ రథం ఈ బండను తాకిందని ఇక్కడోళ్ళ నమ్మకం. మొక్కులు తీరితే ఇక్కడికి వచ్చి మలీదా పెడతరు. ఆ మాట వినంగనే మా ఇంటామె, మలీదా మాది గద అన్నది! మనం బతుకమ్మకు చపాతీ నలిపి బెల్లం కలిపి ముద్దలు చేస్తం. వాళ్ళ మలీదా అటుకులు తడిపి, తీపి, కొబ్బరి కోరు కలిపి, చుట్టూ పండ్లు పేర్చి పెట్టేది. పేరు ఒక్కటే, పళ్ళెం వేరు. మన తెలుగోళ్ళల్ల కూడ యూదు ధర్మం పట్టినోళ్ళు ఉన్నరని, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంల బెనే ఎఫ్రాయిమ్ అని వాళ్ళకు పేరని కాకానే చెప్పిండు. తెలుగు మాట్లాడే యూదుల సంగతి ఒక మరాఠీ యూదు నోట వినుట నాకు వింతనే.

మాపు అలీబాగ్‌ల సముద్రం వెనక్కి పోయిన వేళ కొలాబా కోటకు ఇసుకల నడిచి పోయినం. ఆటు ఉన్నప్పుడు నడిచే పోవచ్చు, పోటు వస్తే తోవ మునుగుతది. మా ఇంటామె మోకాలు పట్టుకుంట సగం దూరం వచ్చి, ఇంక నడవను అన్నది. మళ్ళ ఏమనుకున్నదో, కాకా కన్న నేను ముసలిదాన్నా అని కోట గోడ దాక వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు మడమల దాక తగిలినయి, చెప్పులు చేత పట్టుకొని చిన్న పిల్ల లెక్క నడిచింది.

ముంబయి వచ్చి రెండు నెలలైంది. వర్లీ సముద్రం కాడ పొద్దున ఇద్దరం నడుస్తున్నం. ఆమె సోమవారం ఒక్కపొద్దు విడిచింది. శనివారం ఉంటున్నది గని, డాక్టరమ్మను అడిగి గోలి మార్చుకొని, మధ్యాహ్నం జొన్న గటక మజ్జిగతోని తాగుతున్నది. ఏకాదశి మాటెత్తితే మాత్రం, అది నా దేవునికీ నాకూ మధ్యల సంగతి, నువ్వు నడుమ రాకు అంటున్నది. నిన్ననే కాకూకు ఫోన్ చేసి బిర్డాల కొబ్బరి ఎంత వేయాలని అడిగింది. ఏకాదశి వచ్చే వారమున్నది.